ఆంత్ర బాక్టీరియాలో ఔషధ నిరోధకత వ్యాపించే తీరు – సేంద్రియ ఎరువుల వాడకంతో దాని సంబంధం

కోళ్ల ఎరువులో 3.03 శాతం నత్రజని, 2.63 శాతం భాస్వరం, 1.4 శాతం పొటాష్ ఉంటాయని వ్యవసాయ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థి కూడా చెప్పగలడు. నేనూ ఇరవై ఏళ్లకు పైగా రైతు శిక్షణ శిబిరాలలో ఈ అంకెలనే చెబుతూ, పశువుల ఎరువు దొరకని చోట కోళ్ల ఎరువు వేసుకోమని సిఫారసు చేస్తూ వచ్చాను. ఆ ఎరువు కోడి పేగుల నుంచి వచ్చినదన్న సంగతి గానీ, ఆ కోడికి దాణాలో ఏ మందులు కలిపి పెట్టారన్న సంగతి గానీ మన పోషకాల పట్టికలో కనబడవు. కొన్నేళ్ల క్రితం ఒక స్నాతకోత్తర విద్యార్థిని సెమినార్‌లో ఈ ప్రశ్నే అడిగినపుడు, అది పశువైద్య శాస్త్రానికి సంబంధించిన విషయమని చెప్పి దాటవేశాను. ఆ సమాధానం సరైనది కాదు. ఎందుకు కాదో తెలియాలంటే, పేగులలోని బాక్టీరియా ఔషధ నిరోధకతను ఒకదాని నుంచి మరొకటి ఎలా అందుకుంటాయో ముందుగా చూడాలి.

నాలుగు మందుల చిక్కు

రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్‌లో షిగెల్లా అనే బాక్టీరియా వలన కలిగే రక్త విరేచనాలు విస్తారంగా ఉండేవి. మొదట సల్ఫా మందులు వాడారు. కొద్ది ఏళ్లలోనే అవి పనిచేయడం తగ్గిపోయింది. తరువాత స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ వచ్చాయి. 1950వ దశకం మధ్యకాలం నుంచి ఈ నాలుగింటికీ ఒకేసారి లొంగని షిగెల్లా రోగులలో కనబడసాగింది.

ఆనాటికి అందరూ అంగీకరించిన వివరణ ఒక్కటే. బాక్టీరియా విభజన చెందేటప్పుడు అరుదుగా ఉత్పరివర్తనలు సంభవిస్తాయి. వాటిలో ఏదైనా మందును తట్టుకునే శక్తి ఇస్తే, మందు వాడినపుడు ఆ కణం మాత్రమే మిగిలి వృద్ధి చెందుతుంది. మన కలుపు శాస్త్రంలోనూ ఇదే చెబుతాం. పంజాబ్, హర్యానా గోధుమ పొలాలలో ఏటా ఐసోప్రొట్యురాన్ ఒక్కటే పిచికారీ చేసినందువలన ఫలారిస్ మైనర్ అనే గడ్డి కలుపు దానికి లొంగకుండా పోయిన ఉదంతం విద్యార్థులకు పాఠ్యాంశమే.

అయితే జపాన్‌లో జరిగినదానికి ఈ వివరణ సరిపోదు. ఒక మందుకు నిరోధకత కలిగించే ఉత్పరివర్తన సుమారు పది కోట్ల కణాలలో ఒకదానిలో వస్తుందనుకుందాం. నాలుగు మందులకు నాలుగు వేర్వేరు ఉత్పరివర్తనలు ఒకే కణంలో కలిసి రావాలంటే 1 పక్కన 32 సున్నాలు పెట్టినన్ని కణాలు కావాలి. ఒక మనిషి శరీరంలోని బాక్టీరియా మొత్తం సుమారు 38 లక్షల కోట్లని అంచనా. భూమి మీది 800 కోట్ల మందిలోని బాక్టీరియా అంతటినీ ఒకచోట చేర్చినా, కావలసిన సంఖ్యకు అది ముప్పై కోట్ల రెట్లు తక్కువే అవుతుంది.

ఒక్కొక్క మందుకూ వరుసగా, విడివిడిగా నిరోధకత వచ్చి ఉండవచ్చు కదా అని అడగవచ్చు. రోగులను జాగ్రత్తగా పరిశీలించిన జపాన్ శాస్త్రవేత్తలకు ఇందుకు భిన్నమైన ఆధారాలు దొరికాయి. మందుకు లొంగే షిగెల్లాతో బాధపడుతున్న రోగికి ఒక్క మందు మాత్రమే ఇచ్చినా, అతని మలంలో నాలుగింటికీ లొంగని షిగెల్లా ప్రత్యక్షమయ్యేది. అంతకంటే ముఖ్యంగా, అదే రోగి పేగులలో సహజంగా నివసించే నిరపాయకరమైన ఇ. కోలై కూడా ఆ నాలుగు మందులకే లొంగకుండా ఉండేది. రెండు వేర్వేరు జాతులలో ఒకే నిరోధకత ఒకే కూర్పుతో కనబడడం కాకతాళీయం కాదు. 1959లో కె. ఒచియాయి, టి. అకిబా బృందాలు విడివిడిగా ప్రయోగాలు చేసి, నిరోధకత గల ఇ. కోలైని, లొంగే షిగెల్లాను ఒకే ద్రవంలో కలిపి పెంచితే షిగెల్లాకు ఆ నాలుగు నిరోధకతలూ ఒక్కసారిగా సంక్రమిస్తాయని చూపాయి. ఇ. కోలై పెరిగిన ద్రవాన్ని వడపోసి, కణాలు లేకుండా ఇస్తే ఏమీ జరగలేదు. కణం కణాన్ని తాకవలసిందే. ఈ ఫలితాలు చాలావరకు జపనీస్ భాషలోనే వెలువడినందున బయటి ప్రపంచం వీటిని ఆలస్యంగా గమనించింది. 1963లో సుతోము వతనాబె ఆంగ్లంలో రాసిన సమీక్షా వ్యాసంతో అవి అందరికీ తెలిశాయి.

ఫలారిస్ మైనర్ తన నిరోధకతను విత్తనం ద్వారా తన సంతతికి ఇస్తుంది. పక్కనున్న గోధుమ మొక్కకు ఇవ్వలేదు. ఆంత్ర బాక్టీరియా విషయంలో ఈ కట్టుబాటు లేదు.

జన్యువుల ప్రయాణం

బాక్టీరియాకు ప్రధాన క్రోమోజోము కాక, చిన్న వలయాకారపు డి.ఎన్.ఎ. ముక్కలు ఉంటాయి. వీటిని ప్లాస్మిడ్లు అంటారు. నిరోధక జన్యువులలో అధిక భాగం వీటిమీదే ఉంటాయి. ఇటువంటి ప్లాస్మిడ్ గల కణం సన్నని పోగువంటి అవయవాన్ని చాచి పక్క కణాన్ని దగ్గరకు లాక్కుంటుంది. ప్లాస్మిడ్‌లోని రెండు పోగులలో ఒకటి ఒక నిర్దిష్ట స్థానంలో తెగి, కొస ముందుగా పక్క కణంలోకి జారుతుంది. ఇచ్చిన కణం, పుచ్చుకున్న కణం తమ వద్దనున్న ఒంటి పోగుకు జతను తయారు చేసుకుంటాయి. కనుక ఇచ్చినవాడికి లోటు ఉండదు. పుచ్చుకున్నవాడు తానూ దాత అవుతాడు. దీనిని సంయుగ్మం అంటారు. 1946లో లెడర్‌బర్గ్, టేటమ్ ఇ. కోలైలో మొదటిసారి దీనిని నిరూపించారు. ఇ. కోలై క్రోమోజోములోని 46 లక్షల క్షార జతలు మొత్తం బదిలీ కావడానికి సుమారు 100 నిమిషాలు పడుతుంది. లక్ష క్షార జతల ప్లాస్మిడ్‌కు రెండు నిమిషాలు చాలు.

ఇంకా రెండు మార్గాలున్నాయి. చనిపోయిన కణాల నుంచి వెలువడిన డి.ఎన్.ఎ.ను కొన్ని బాక్టీరియా నేరుగా గ్రహిస్తాయి. బాక్టీరియాపై దాడి చేసే వైరస్‌లు ఒక్కొక్కసారి ఒక కణంలోని జన్యువును పొరపాటున మూటగట్టుకుని మరొక కణానికి చేరవేస్తాయి. పేగులలో మాత్రం సంయుగ్మమే ప్రధానం.

నాలుగు నిరోధకతలు ఒకే ప్లాస్మిడ్‌పై ఎలా గుమిగూడాయన్నది తరువాతి ప్రశ్న. ఒక డి.ఎన్.ఎ. అణువు నుంచి మరొకదానికి గెంతగల జన్యు ఖండాలు ఉంటాయి. వీటిని ట్రాన్స్‌పోజాన్లు అంటారు. ఇంటెగ్రాన్ అనే మరొక నిర్మాణం విడి నిరోధక జన్యువులను ఒకదాని వెనుక ఒకటిగా తనలో చేర్చుకుంటుంది. ఎడ్లబండికి బదులు రైలుబండి అనుకోవచ్చు, ఏ స్టేషన్‌లోనైనా కొత్త పెట్టె తగిలించవచ్చు.

పేగు ఈ మార్పిడికి అనువైన చోటు. ఉష్ణోగ్రత స్థిరం, ఆహారం సమృద్ధి, కణాల మధ్య దూరం అత్యల్పం. ఎలుకలపై జరిగిన పరిశోధనలో, సాల్మొనెల్లా వలన పేగు వాచినపుడు సాల్మొనెల్లాతోపాటు ఇ. కోలై సంఖ్య కూడా విపరీతంగా పెరిగి, వాటి మధ్య ప్లాస్మిడ్ మార్పిడి బాగా ఎక్కువైనట్లు తేలింది. అంటే జబ్బు చేసిన సమయమే జన్యువులు చేతులు మారే సమయం కూడా. సరిగ్గా అప్పుడే మనం మందు ఇస్తాం. మందు నిరోధకతను సృష్టించదు. లొంగే కణాలను తుడిచిపెట్టి, నిరోధకత ఉన్నవాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది.

వ్యాధికారక బాక్టీరియా పేగులోకి వచ్చి పోయే అతిథి. ఇ. కోలై అక్కడ స్థిరనివాసి. మనిషికి గానీ కోడికి గానీ ఏ జబ్బుకు మందు ఇచ్చినా, ఆ మందు స్థిరనివాసులను కూడా తాకుతుంది. ఏళ్ల తరబడి అలా కూడిన నిరోధక జన్యువుల నిల్వలోకి ఒక రోజు షిగెల్లాయో సాల్మొనెల్లాయో అడుగుపెడుతుంది. వ్యాధికారకాలను మాత్రమే లెక్కబెడుతూ నిరపాయకర బాక్టీరియాను పట్టించుకోకపోవడం, ధాన్యం తినే ఎలుకలను చూసి గాదెను చూడకపోవడం వంటిది.

ఒక కోళ్లఫారంలో జరిగిన పరిశీలన

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్టువర్ట్ లెవీ బృందం చేసి 1976లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో నేటికీ చదవదగినది. ఒక చిన్న ఫారంలోని కోడిపిల్లలకు టన్ను దాణాకు 100 గ్రాముల ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపి పెట్టారు. అది జబ్బుకు చికిత్స మోతాదు కాదు, ఎదుగుదల కోసం కలిపే స్వల్ప మోతాదు. వారం రోజులలోనే ఆ కోళ్ల పేగులలోని బాక్టీరియా దాదాపు పూర్తిగా టెట్రాసైక్లిన్‌కు లొంగనివిగా మారాయి. అయిదారు నెలలు గడిచేసరికి ఫారంలో నివసించే మనుషుల నుంచి ప్రతి వారం సేకరించిన మల నమూనాలలో 31.3 శాతంలో, అక్కడి బాక్టీరియాలో 80 శాతానికి పైగా నిరోధకత గలవే ఉన్నాయి. ఇరుగుపొరుగు ఇళ్లవారిలో అటువంటి నమూనాలు 6.8 శాతమే. ఆ ఫారం కుటుంబాలవారు టెట్రాసైక్లిన్ మింగలేదు. కోళ్లను, వాటి దాణాను, వాటి పెంటను ముట్టుకున్నారు, అంతే.

ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అంశం మరొకటి. దాణాలో కలిపినది ఒక్క టెట్రాసైక్లిన్. వెలువడిన బాక్టీరియాలో అనేక మందులకు నిరోధకత ఉంది, అదీ బదిలీ చేయగల ప్లాస్మిడ్ల రూపంలో. రైలుపెట్టెలన్నీ ఒకదానికొకటి తగిలించి ఉన్నపుడు ఒక పెట్టెను లాగితే మిగిలినవన్నీ వెంట వస్తాయి. మందు కలిపిన దాణా తీసివేసిన ఆరు నెలల తరువాత పరీక్షించిన పదిమందిలో ఎనిమిదిమందిలో నిరోధక బాక్టీరియా కనబడలేదన్నది మాత్రం ఆశ కలిగించే విషయం.

అయితే ఎల్లవేళలా ఇంత సులువుగా తగ్గదు. డెన్మార్క్‌లో 1995లో దాణాలో అవోపార్సిన్ వాడకాన్ని నిషేధించారు. వాంకోమైసిన్ అనే కీలక ఔషధానికి లొంగని ఎంటెరోకోకస్ అనే ఆంత్ర బాక్టీరియా తగ్గుతుందని ఎదురుచూశారు. కోళ్లలో తగ్గింది, పందులలో తగ్గలేదు. కారణం వెదికితే, పందుల బాక్టీరియాలో వాంకోమైసిన్ నిరోధక జన్యువు, టైలోసిన్ వంటి మందులకు నిరోధకతనిచ్చే జన్యువు ఒకే ప్లాస్మిడ్‌పై ఉన్నాయని తేలింది. పందులకు టైలోసిన్ పెట్టడం కొనసాగినంత కాలం మొదటి జన్యువూ నిలిచి ఉంది. 1998లో టైలోసిన్ వాడకం తగ్గిన తరువాతనే రెండూ తగ్గుముఖం పట్టాయి. దాణాలో ఎక్కువ మోతాదులో కలిపే రాగి, జింకు లవణాలకు కూడా ఇటువంటి గుణం ఉంది. ఆ లోహాలను తట్టుకునే జన్యువులు నిరోధక జన్యువుల సరసన ఉన్నపుడు, మందు లేకపోయినా లోహం ఆ పని చేస్తుంది. సూక్ష్మపోషకాల గురించి బోధించే మనం దీనిని గుర్తుంచుకోవాలి.

కొలిస్టిన్, టైఫాయిడ్

కొలిస్టిన్ పాత మందు. మూత్రపిండాలకు హాని చేస్తుందని వైద్యులు దానిని చాలావరకు పక్కన పెట్టారు. ఇతర మందులేవీ పనిచేయని పరిస్థితి వచ్చిన తరువాత ఆఖరి అస్త్రంగా మళ్లీ బయటకు తీశారు. ఈలోగా పశుపోషణలో అది టన్నులకొద్దీ వాడుకలో ఉంది. దానికి నిరోధకత క్రోమోజోములో ఉత్పరివర్తన ద్వారానే వస్తుందని, కాబట్టి జాతి నుంచి జాతికి వ్యాపించదని అందరమూ నమ్మాం. 2015 నవంబరులో చైనా పరిశోధకులు ఎం.సి.ఆర్.-1 అనే జన్యువును ప్లాస్మిడ్‌పై కనుగొన్నట్లు ప్రకటించారు. వారు పరీక్షించిన బాక్టీరియాలో, వధశాల పందుల నుంచి తీసిన 804 నమూనాలలో 166లోను, పచ్చి మాంసం నుంచి తీసిన 523లో 78లోను, ఆసుపత్రి రోగుల నుంచి తీసిన 1,322లో 16లోను ఆ జన్యువు ఉంది. ఏ వైపు నుంచి ఏ వైపుకు ప్రవాహం ఉందో ఈ అంకెలే సూచిస్తున్నాయి. చైనా 2017 నుంచి ఎదుగుదల కోసం కొలిస్టిన్ వాడడాన్ని ఆపివేసింది. మన దేశం 2019 జూలైలో ఆహార పశువులలోను, కోళ్ల పెంపకంలోను, ఆక్వా సాగులోను, దాణాలోను దానిని నిషేధించింది.

టైఫాయిడ్ కథ ఇంకా స్పష్టమైనది. 1972లో మెక్సికోలోను, మన కేరళలోని కాలికట్‌లోను క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ బయటపడింది. అది ప్లాస్మిడ్ ద్వారా బదిలీ అయ్యే నిరోధకతే. తరువాతి దశాబ్దాలలో ఆంపిసిలిన్, కోట్రైమోక్సజోల్ కూడా చేజారాయి. 2016 చివరలో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రపు హైదరాబాదులో (మన హైదరాబాదు కాదు) ఈ పాత మందులతోపాటు ఫ్లోరోక్వినోలోన్లకు, మూడవ తరం సెఫలోస్పోరిన్లకు కూడా లొంగని టైఫాయిడ్ తలెత్తింది. నోటి ద్వారా ఇవ్వగల మందులలో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఆ బాక్టీరియా జన్యుక్రమాన్ని పరిశీలించగా, అప్పటికే నిరోధకత గల టైఫాయిడ్ బాక్టీరియా కొత్తగా ఒక ప్లాస్మిడ్‌ను సంపాదించినట్లు, ఆ ప్లాస్మిడ్ ఇ. కోలైలో ఉండేదానికి అతి సన్నిహితమైనట్లు తెలిసింది. జపాన్ శాస్త్రవేత్తలు అరవై ఏళ్ల క్రితం పరీక్షనాళికలో చూపినదే ఒక నగరంలో జరిగింది.

పొలం ఈ దారిలో ఎక్కడుంది

పశువులకు, కోళ్లకు ఇచ్చిన టెట్రాసైక్లిన్‌లో గణనీయమైన భాగం మార్పు చెందకుండానే పెంటలోకి వస్తుంది. నేలలోని బంకమన్ను, సేంద్రియ పదార్థం దానిని గట్టిగా పట్టి ఉంచుతాయి. పెంటతోపాటు నిరోధకత గల ఆంత్ర బాక్టీరియా వస్తాయి. అవి నేలలో కొన్ని వారాలో నెలలో బతికి చనిపోయినా, తమ ప్లాస్మిడ్లను నేల బాక్టీరియాకు ఇచ్చి పోగలవు. వేరు చుట్టూ ఉండే పలుచని మట్టిపొరలో, వేరు స్రావాల వలన బాక్టీరియా దట్టంగా ఉండే చోట, ఈ మార్పిడి మరింత చురుకుగా సాగుతుంది. ఆకుకూరల ద్వారా, కాలువ నీటి ద్వారా, కోళ్ల ఎరువు వేసే చేపల చెరువుల ద్వారా జన్యువులు తిరిగి మనిషి పేగును చేరే దారులు ఉన్నాయి.

పరిశ్రమల వ్యర్థజలాలు వేరొక మూలం. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వద్ద ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసిన తరువాత కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే అది ఎక్కువ. దిగువ వాగుల మట్టిలో నిరోధక జన్యువులు, ఇంటెగ్రాన్లు సమృద్ధిగా ఉన్నట్లు తరువాతి అధ్యయనాలలో తేలింది. అయితే పటాన్‌చెరును చూపి కోళ్ల ఎరువును మరచిపోవడం మనకు సౌకర్యమైన అలవాటు. కర్మాగారం ఒకచోట ఉంటుంది. ఎరువు ప్రతి మండలంలోనూ ఉంది.

సస్యరక్షణలో మన వాటా కూడా ఒప్పుకోవాలి. వరి ఆకు ఎండు తెగులుకు, నిమ్మ గజ్జి తెగులుకు స్ట్రెప్టోసైక్లిన్ పిచికారీ చేయమని ఏళ్ల తరబడి చెప్పాం. అందులో 90 శాతం స్ట్రెప్టోమైసిన్, 10 శాతం టెట్రాసైక్లిన్. రెండూ మనుషుల మందులే. అమెరికాలోని ఆపిల్ తోటలలో స్ట్రెప్టోమైసిన్‌కు లొంగని ఎర్వినియా బాక్టీరియాలో కనబడిన జన్యువుల జంట, మనుషుల, పశువుల ఆంత్ర బాక్టీరియాలోని ప్లాస్మిడ్లపై ఉన్నదే. మొక్కల తెగులుకూ మనిషి పేగుకూ మధ్య గోడ ఉందన్న ఊహ అక్కడే కూలిపోయింది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పంటలపై ఈ రెండు మందుల వాడకాన్ని దశలవారీగా ఆపే ముసాయిదా ఉత్తర్వును వెలువరించింది. తెగులును తట్టుకునే వరి రకాలు, నత్రజనిని మోతాదు మించకుండా దఫాలుగా వేయడం మన చేతిలో ఉండగా ఈ మందు అవసరం ఎంత అన్న ప్రశ్న మనమే ముందు వేసుకొని ఉండవలసింది.

ఎరువు కుప్ప వద్ద

కోళ్ల ఎరువు వాడవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. సేంద్రియ కర్బనం అర శాతం కూడా లేని మన నేలలకు ఆ మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు. పచ్చిది వేయవద్దని, మాగబెట్టి వేయమని చెప్పాలి. మాగబెట్టడమంటే కుప్ప పోసి వదిలేయడమని రైతు అనుకుంటాడు. మనమూ అంతకంటే వివరంగా చెప్పడం లేదు. అమెరికా సేంద్రియ వ్యవసాయ నిబంధనల ప్రకారం వరుస కుప్పలలో కనీసం 15 రోజులు 55 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గని వేడి ఉండాలి, ఆ వ్యవధిలో కనీసం అయిదుసార్లు తిరగవేయాలి. ఆ వేడికి ఆంత్ర బాక్టీరియాలో అత్యధిక భాగం నశిస్తాయి. నిరోధక జన్యువులు కూడా చాలావరకు తగ్గుతాయి, కొన్ని మాత్రం మిగులుతాయి. మాగబెట్టడం దీనికి పూర్తి పరిష్కారమని చెప్పలేం గానీ, పచ్చి పెంటకూ మాగిన ఎరువుకూ మధ్య తేడా చాలా పెద్దది. కోళ్ల పెంటలో నత్రజని ఎక్కువ కనుక వరి ఊక, ఎండుగడ్డి, మొక్కజొన్న చొప్ప కలిపితే కుప్ప సరిగా వేడెక్కుతుంది, అమ్మోనియా రూపంలో నత్రజని నష్టమూ తగ్గుతుంది.

అదే నిబంధనలలో, పచ్చి ఎరువు వేస్తే నేలను తాకే పంటను 120 రోజుల తరువాతనే కోయాలని ఉంది. మన ఆకుకూరలకు ఇది ఎలా కుదురుతుంది? తోటకూర నెల రోజుల పంట, కొత్తిమీర నలభై రోజుల పంట. 120 రోజుల విరామమంటే మూడు కోతల కాలం. కాబట్టి ఆకుకూరలు, క్యారెట్, ముల్లంగి వంటి పచ్చిగా తినే పంటలకు పచ్చి పెంట వేయడం ఏ లెక్కలోనూ ఇమడదు. ముందు పంటగా మొక్కజొన్నకో, పశుగ్రాసం మినహా మరో ధాన్యపు పంటకో ఎరువు వేసి, దాని శేష ఫలితంపై ఆకుకూర తీయడం మన వాతావరణంలో సాధ్యమే. శేష ఫలితంపై మన విశ్వవిద్యాలయాలలో జరిగిన ప్రయోగాలన్నీ దిగుబడి, పోషకాల దృష్టితో జరిగినవే. అదే మళ్లలో మట్టి నమూనాలు తీసి, టెట్రాసైక్లిన్ కలిపిన మాధ్యమంపై ఎన్ని కోలిఫారం బాక్టీరియా పెరుగుతున్నాయో లెక్కించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. సూక్ష్మజీవ శాస్త్ర విభాగంతో కలిసి ఒక ఎం.ఎస్సీ. విద్యార్థి ఒక రబీ కాలంలో చేయగల పని.

విస్తరణ శాస్త్రవేత్తలకు మరొక మాట. కోళ్ల ఎరువు కొనేటప్పుడు రైతు ధర, తేమ మాత్రమే అడుగుతాడు. దాణాలో ఏ మందు కలిపారు, చివరిసారి ఎప్పుడు ఇచ్చారు అన్న రెండు ప్రశ్నలను కూడా అడగడం నేర్పాలి. ఫారం యజమాని చెప్పకపోవచ్చు. చెప్పకపోతే కుప్పను ఇంకొంత కాలం ఉంచి, మరొకసారి తిరగవేయాలి. తిరగవేసేటప్పుడు పైన, అంచులలో ఉన్న పదార్థాన్ని లోపలికి, లోపలిదాన్ని బయటికి మార్చాలి. బయటి జానెడు మందం ఎన్నాళ్లున్నా 55 డిగ్రీలకు చేరదు. అక్కడ మిగిలిపోయిన బాక్టీరియా, కుప్ప చల్లారిన తరువాత మొత్తం ఎరువులోకి మళ్లీ పాకుతాయి.